ఇన్‌డైరెక్ట్ ఫ్రీకిక్: చెయ్యి ఎప్పుడు దించాలి?

ఫుట్‌బాల్‌లో ఇన్‌డైరెక్ట్ ఫ్రీకిక్‌కి (బంతి ఇంకొకరికి తగలకుండా నేరుగా గోల్‌లో పడితే లెక్కకి రాని కిక్) చెయ్యి తలపైకి ఎత్తాలని ప్రతి రెఫరీకీ తెలుసు. పొరపాటు జరిగేది దించే దగ్గరే. కిక్ కొట్టగానే దించేయకండి. బంతి ఇంకో ఆటగాడికి తగిలేదాకానో, బయటికి పోయేదాకానో, నేరుగా గోల్ పడే అవకాశం లేదని తేలేదాకానో చెయ్యి పైనే ఉండాలి. ఎత్తడమే మర్చిపోయినప్పుడు బంతి నేరుగా గోల్‌లో పడితే కిక్ మళ్లీ కొట్టించాలి. చెయ్యి ఎత్తే ఉంటే మాత్రం గోల్ కిక్ (అవతలి జట్టు తమ గోల్ ముందు నుంచి కొట్టేది). కీపర్ వేలి కొసకి తగిలి లోపలికి వెళ్తే గోలే, అందుకే చూపు బంతి మీద నుంచి తిప్పొద్దు.

గోడని (బంతికి అడ్డంగా వరసగా నిలబడే డిఫెండర్లని) బంతికి 9.15 మీటర్ల దూరానికి జరిపే ముందు కొట్టేవాడికి విజిల్ చూపించి, ‘ఇది ఊదాకే’ అని చెప్పండి. చెప్పకపోతే మీరు అటు తిరగగానే కొట్టేస్తాడు, ఆ గొడవంతా మీ నెత్తిన పడుతుంది. మీరు ఆగమని చెప్పకముందే త్వరగా కొట్టిన కిక్‌ని దగ్గరున్న ప్రత్యర్థి అందుకుంటే ఆట సాగనివ్వండి. కావాలని కిక్ కొట్టనివ్వకుండా అడ్డుపడితే ఎల్లో కార్డే.

గోడలో ముగ్గురో, అంతకన్నా ఎక్కువమందో డిఫెండర్లుంటే, బంతి కదిలేదాకా దాడి చేసే జట్టువాళ్లు గోడకి కనీసం 1 మీటరు దూరంలో ఉండాలి. లోపలికి చొరబడితే అవతలి జట్టుకి ఇన్‌డైరెక్ట్ ఫ్రీకిక్.