రిఫ్లెక్షన్ టైముల నుంచి పొరల వేగం, మందం రాబట్టడం

భూమిలోకి పంపిన సీస్మిక్ (కంపన) అల పొరల సరిహద్దులకు తగిలి తిరిగొచ్చే టైములతో చేసే లెక్క ఇది. ముందు స్టాటిక్ కరెక్షన్లు ముగించండి. పైనున్న వదులు మట్టిలో అల ఆలస్యమైనంత మేరా తీసేయకపోతే, ఆ తప్పు కింది పొరలన్నిటి లెక్కలోకీ దిగుతుంది.

ఒక రిఫ్లెక్టర్‌కు (అలను వెనక్కి పంపే పొర సరిహద్దు) ఆఫ్‌సెట్ (అల పుట్టించిన చోటికీ గ్రహించిన చోటికీ మధ్య దూరం) వర్గం అడ్డంగా, టైము వర్గం నిలువుగా గ్రాఫ్ గీయండి. చుక్కలు సరళరేఖలో పడాలి. రేఖ నిలువు అక్షాన్ని తాకినచోటి విలువకు వర్గమూలం తీస్తే సున్నా ఆఫ్‌సెట్ టైము. 1ని రేఖ వాలుతో భాగించి వర్గమూలం తీస్తే ఆర్‌ఎంఎస్ వేగం, అంటే ఆ రిఫ్లెక్టర్ దాకా ఉన్న పొరలన్నిటికీ కలిపి ఒక రకం సగటు వేగం. ఆఫ్‌సెట్ లోతును బాగా మించిన చుక్కల్ని నమ్మకండి, అక్కడ రేఖ వంగుతుంది. పికింగ్‌లో (రికార్డులో అల చేరిన టైమును గుర్తించడంలో) పక్క శిఖరానికి జారితే 25 హెర్ట్జ్ అలకు 40 మిల్లీసెకన్ల తప్పు. పొర 15 డిగ్రీలు వాలి ఉంటే వాలు దిశలో తీసిన లైనులో వేగం 3.5 శాతం ఎక్కువగా కనిపిస్తుంది.

తరవాత భూభౌతిక శాస్త్రవేత్త డిక్స్ 1955లో ఇచ్చిన సూత్రం. ఒక్కో రిఫ్లెక్టర్‌కు ఆర్‌ఎంఎస్ వేగం వర్గాన్ని సున్నా ఆఫ్‌సెట్ టైముతో గుణించండి. కిందిదాంట్లోంచి పైదాన్ని తీసేసి, టైముల తేడాతో భాగించి, వర్గమూలం తీయండి. పైది 1.0 సెకను, 2000 మీ/సె; కిందిది 1.4 సెకన్లు, 2300 మీ/సె అనుకోండి. మధ్య పొర వేగం 2918 మీ/సె. 0.4 సెకన్లు రాకపోకలకు కలిపి కాబట్టి సగమే తీసుకోవాలి: మందం 584 మీటర్లు.

చిక్కంతా పల్చని పొరతోనే. కింది రిఫ్లెక్టర్ 1.1 సెకన్ల దగ్గర, 2100 మీ/సెతో ఉంటే పొర వేగం దాదాపు అంతే, 2917. ఆ 2100ని 2 శాతం ఎక్కువగా పిక్ చేస్తే పొర వేగం 3236కి ఎగబాకుతుంది, అంటే 11 శాతం తప్పు. 0.4 సెకన్ల పొరకైతే అదే 2 శాతం తప్పు 4 శాతం దగ్గరే ఆగుతుంది. ఇంతకీ ఆ 2 శాతం, 1000 మీటర్ల ఆఫ్‌సెట్ దగ్గర 4 మిల్లీసెకన్ల లోపు తేడా! కంటికి ఆనదు. అందుకే దగ్గరదగ్గర రిఫ్లెక్టర్లను విడదీయకుండా ఒకే పొరగా కలపడం మేలు.

మల్టిపుల్‌ను (పొరల మధ్య ఒకటికి మించి సార్లు తిరిగిన అలను) పొరపాటున పిక్ చేసినా లెక్కే పట్టిస్తుంది. పై ఉదాహరణలో 1.4 తరవాత 2.0 సెకన్ల దగ్గర 2000 మీ/సె పిక్ చేస్తే పొర వేగం 995 వస్తుంది. నీళ్లలోనే శబ్దం సుమారు 1500తో పోతుంది. మొదటి పొరలో రెండుసార్లు తిరిగొచ్చిన అల అది.

పొరలు ఎక్కువైతే విడివిడిగా కాక, అన్నిటినీ కలిపి డ్యాంప్డ్ లీస్ట్ స్క్వేర్స్‌తో (తేడాల వర్గాల మొత్తాన్ని తగ్గిస్తూనే, వేగాలు విపరీతంగా ఊగకుండా అదుపుచేసే పద్ధతి) విలోమం చేయండి, అంటే టైముల నుంచి వెనక్కి పొరల మోడల్ రాబట్టండి. డ్యాంపింగ్‌ను (ఆ అదుపు బలాన్ని) పెద్ద విలువతో మొదలుపెట్టి తగ్గిస్తూ రండి. మోడల్ నుంచి తిరిగి లెక్కగట్టిన టైములకూ పిక్‌లకూ తేడా పికింగ్ తప్పు స్థాయికి, అంటే 3, 4 మిల్లీసెకన్లకు దిగగానే ఆపండి. ఇంకా తగ్గిస్తే నాయిస్‌కు పొరలు పుట్టుకొస్తాయి.