రింగుల జుట్టు మీద ఇంట్లో గొడవ మొదలైతే ఏం మాట్లాడాలి

అనంతపురంలో సప్తగిరి సర్కిల్ దగ్గర నాకు చిన్న బ్యూటీ పార్లర్ ఉంది. రింగుల జుట్టున్న పాపను వెంటబెట్టుకుని తల్లి వచ్చిందంటే, ఆమె నోట మొదట వచ్చే మాట "స్మూతెనింగ్ చేయక్కా". అంటే మందు పెట్టి రింగుల జుట్టును సాపు చేయమని. పెళ్ళిచూపులనో, క్యాంపస్ ఇంటర్వ్యూ అనో, అమెరికా ప్రయాణమనో ఏదో ఒక కారణం చెబుతారు. పాపకు ఇష్టం లేదని ముఖం చూస్తేనే తెలిసిపోతుంది. ఇద్దరూ నా కుర్చీ పక్కనే వాదులాడుకుంటుంటే, అమెరికాలోని డల్లాస్ నుంచి బాబాయి వీడియో కాల్‌లో "అట్లే పంపిస్తే ఇక్కడ నల్లోళ్ళ పిల్ల అనుకుంటారు వదినా" అంటాడు. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఆ చివరి మాటే. మీ ఇంట్లో ఇలాంటి గొడవ వస్తే పిల్ల పక్కన నిలబడి ఎలా మాట్లాడాలో, మాట్లాడాలంటే ఏమేం తెలిసి ఉండాలో రాస్తున్నాను.

నోరు విప్పే ముందు తల సంగతి చూడండి. మాడు నుంచి ఊరే నూనె సాపు జుట్టు మీదైతే కిందికి జారిపోతుంది. రింగురింగునా తిరిగిన వెంట్రుకలో చివరిదాకా దిగదు. అందుకే రింగుల జుట్టు ఎప్పుడూ పొడిబారినట్టు ఉంటుంది. దానికి తోడు మన బోరు నీళ్ళు ఉప్పు నీళ్ళాయె. ముందు రోజు రాత్రి కొసలకు కొబ్బరినూనె పట్టించండి. షాంపూ మాడుకు మాత్రమే రుద్దండి, వారానికి ఒకటి రెండుసార్లు చాలు. తర్వాత కండిషనర్ ధారాళంగా రాసి, అది కడగకముందే జుట్టును నాలుగు పాయలు చేసి, పెద్ద పళ్ళ దువ్వెనతో కింది కొసల దగ్గర మొదలుపెట్టి పైకి చిక్కు తీయండి. పైనుంచి లాగితే చిక్కంతా కిందికి చేరి ముడి పడుతుంది, పిల్ల ఏడుస్తుంది. చివరి చెంబు మాత్రం క్యాన్ నీళ్ళు పోయండి. టవల్‌తో రుద్దకుండా పాత కాటన్ బనియన్‌తో పిండినట్టు ఒత్తి వదిలేయండి. ఆరిన తర్వాత దువ్వెన ముట్టుకోవద్దు. ఆరిన రింగుల్లో దువ్వెన పెడితే అవి విడిపోయి జుట్టంతా లేచి నిలబడుతుంది. మన ఇళ్ళలో "పిచ్చుక గూడు" అని వెక్కిరించేది దాన్నే. తప్పంతా దువ్వెనది, తిట్లేమో పిల్లకు.

ఇలా ఒక నెల చూసుకున్నాక కూడా "నీట్‌గా లేదు" అనే మాట వస్తుంది. అప్పుడు గొంతు పెంచకుండా, ఏది నీట్‌గా లేదో వేలు పెట్టి చూపించమనండి. చుండ్రా? పేలా? చిక్కా? ఏదీ చూపించలేరు. పుట్టపర్తి మనకు పక్కనే. సత్యసాయిబాబా ఫోటో లేని ఇల్లు మా వీధిలో తక్కువ. తల చుట్టూ గుండ్రంగా, ఎత్తుగా ఉండే ఆ జుట్టుకు రోజూ దండం పెడతాం, దాన్ని చిందరవందర అన్నవాళ్ళను నేను చూడలేదు. అదే జుట్టు చామనఛాయ పిల్ల తల మీద ఉంటే "ఆఫ్రికా దానిలా ఉంది" అంటాం. ఇంకో సంగతి నా పార్లర్‌లోనే కనబడుతుంది. తెల్లగా ఉన్న పెళ్ళికూతురు రిసెప్షన్‌కు డబ్బిచ్చి టాంగ్స్‌తో రింగులు తిప్పించుకుంటుంది. పుట్టుకతో రింగులున్న నల్లపిల్ల అంతకు రెండింతలు ఇచ్చి సాపు చేయించుకుంటుంది. రింగులు రెండు తలల మీదా ఒకటే, తేడా వస్తున్నది ఒంటి రంగు దగ్గర. ఈ మాట ఇంట్లో గట్టిగా చెప్పండి. చాలామంది ఒక్క నిమిషం ఆగి ఆలోచిస్తారు.

"జుట్టు గొడవలోకి జాతిని ఎందుకు లాగుతావు" అని బాబాయి అడగొచ్చు. లాగింది మనం కాదని చెప్పండి. 1786లో, అప్పట్లో స్పెయిన్ చేతిలో ఉన్న, ఇప్పటి అమెరికాలోని లూసియానాలో గవర్నరు మీరో, బానిసత్వం లేని నల్లజాతి స్త్రీలు సైతం జుట్టు కనబడకుండా గుడ్డ కట్టుకోవాలని ఉత్తర్వు వేశాడు. వాళ్ళ అలంకరణ తెల్లవాళ్ళకు కంటగింపు అయింది. వాళ్ళేమో ఆ గుడ్డనే రంగురంగులుగా, అందంగా చుట్టుకుని తిరిగారు. మన కాలానికి వస్తే, అమెరికాలోని అలబామా రాష్ట్రంలో ఒక నల్లజాతి మహిళకు 2010లో ఉద్యోగం ఇస్తామని చెప్పి, డ్రెడ్‌లాక్స్ (తాళ్ళలా పేనుకున్న జటలు, లాక్స్ అన్నా ఇవే) కత్తిరించుకోను అన్నందుకు ఆ మాట వెనక్కి తీసుకున్నారు. జుట్టు తీరు మార్చుకోగలిగినది కాబట్టి ఇది జాతి వివక్ష కిందకు రాదని 2016లో అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. దక్షిణాఫ్రికాలో అదే ఏడాది ప్రిటోరియా బాలికల హైస్కూల్లో నల్లజాతి ఆడపిల్లలు తమ ఆఫ్రో జుట్టును (తల చుట్టూ గుండ్రంగా లేచి నిలిచే జుట్టు) సరిచేసుకోమనడం మీద నిరసనకు దిగారు.

ఇలాంటి వివక్షతో విసిగిన వాళ్ళ పోరాటం వల్లే 2019లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 'క్రౌన్ యాక్ట్' అనే చట్టం తెచ్చింది. జడలు, ట్విస్టులు (మెలిపెట్టిన పాయలు), లాక్స్, ఆఫ్రో ఉన్నాయని బడిలో, ఉద్యోగంలో వివక్ష చూపకూడదని దాని సారాంశం. తర్వాత చాలా రాష్ట్రాలు అదే దారి పట్టాయి. బాబాయి ఉంటున్న టెక్సస్‌లో కూడా 2023 సెప్టెంబరు 1 నుంచి ఈ చట్టం అమల్లో ఉంది. ఇది ఆయనకు తప్పకుండా చెప్పండి. అయితే చట్టంతో అన్నీ తీరిపోయాయని మాత్రం అనొద్దు. అదే టెక్సస్‌లో లాక్స్ పెంచిన ఒక కుర్రాణ్ణి బడి నెలల తరబడి క్లాసులకు దూరం పెట్టింది. జుట్టు పొడవు గురించి చట్టంలో లేదు కాబట్టి బడి చేసింది తప్పు కాదని 2024 ఫిబ్రవరిలో కోర్టు అంది. దేశం మొత్తానికి వర్తించే చట్టం 2022లో ప్రతినిధుల సభలో గట్టెక్కింది గానీ సెనేట్ దాటలేదు.

నల్లజాతి ఆడవాళ్ళలోనే ఈ విషయం మీద ఒకే మాట లేదు. సహజంగా వదిలేయడమే ఆత్మగౌరవం అని కొందరంటారు. నా జుట్టు నా ఇష్టం, సాపు చేయించుకుంటే నేను తక్కువైపోను అని మరికొందరంటారు. నా వరకైతే రెండో మాటను కూడా గౌరవిస్తాను, కానీ మందు సంగతి చెప్పకుండా ఎవరికీ స్మూతెనింగ్ చేయను. జుట్టు సాపు చేసే కొన్ని కెరాటిన్ ట్రీట్‌మెంట్లను వేడి చేసినప్పుడు ఫార్మాల్డిహైడ్ వస్తుంది, అది క్యాన్సర్ కారకం. జుట్టు సాపు చేసే రసాయనాలు తరచుగా వాడిన ఆడవాళ్ళకు గర్భాశయ క్యాన్సర్ ఎక్కువగా వచ్చిందని 2022లో అమెరికా ప్రభుత్వ పరిశోధకులు ప్రకటించారు. 70 ఏళ్ళు వచ్చేలోపు వచ్చే అవకాశం అసలు వాడనివాళ్ళలో 1.64 శాతం, తరచుగా వాడినవాళ్ళలో 4.05 శాతం అని అంచనా కట్టారు. మందే కారణమని తేలిపోలేదు. అయినా పద్నాలుగేళ్ళ పిల్ల తలకు ఆ మందు పెట్టమని తల్లి అడిగితే నేను ఒప్పుకోను.

మనవాళ్ళు నల్లజాతివాళ్ళలా జడలు అల్లుకోవచ్చా అన్నది ఇంకో తగువు. కాలేజీ ఫెస్ట్‌కు కార్న్‌రోస్ (మాడుకు అంటిపెట్టి వరుసలుగా అల్లే సన్నజడలు) అల్లమంటే అల్లుతాను. ముఖానికి నలుపు పూసుకుని "ఆఫ్రికా గెటప్" వేస్తామంటే మాత్రం కుర్చీలో కూర్చోబెట్టను. చదువుకో, ఉద్యోగానికో అమెరికా వెళ్ళే పిల్లలకు ఇంట్లోనే చెప్పి పంపండి. పక్క సీటు అమ్మాయి జుట్టు ముట్టుకోవద్దు, అనుమతి అడిగి ముట్టుకోవడం కూడా వద్దు. లాక్స్ చూసి "తల స్నానం చేస్తారా" అని అడగొద్దు, వాళ్ళు షాంపూ పెట్టి కడుక్కుంటారు. బాగుందనిపిస్తే బాగుందని చెప్పి ఊరుకోవచ్చు.

ఇక ఇక్కడి బడి. రెండు జడలు, రిబ్బన్లు అనే రూలు ఉంటే పాటించండి, రింగుల జుట్టుకు కూడా జడ వస్తుంది. నూనె తడిపి వదులుగా అల్లితే సాయంత్రం దాకా నిలుస్తుంది. చెవుల పక్కన లేచిన పిల్లవెంట్రుకలను చూపించి సాపు చేయించుకుని రమ్మంటే, తల్లి ఒక్కతే వెళ్ళకుండా తండ్రిని కూడా తీసుకుని హెడ్‌మాస్టర్‌ను కలవండి. రూలులో కట్టుకోమని ఉందా, సాపు చేయించుకోమని ఉందా అని మర్యాదగా అడగండి. సాపు చేయించాల్సిందే అంటే, ఆ మాట కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వమనండి.