మారుమోగే మందిరానికి మైకు సెట్టు – 3వ పాఠం: స్పీకర్ ఎక్కడ, ఎన్ని

రెండో పాఠంలో క్రైస్తవ ప్రార్థన మందిరం కొలతలు తీసుకున్నాం. ఈసారి ఆ కొలతలతోనే స్పీకర్ల చోటు తేలుద్దాం. కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి.

లెక్కకు తీసుకున్న హాలు ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు కనిపించే తరహాది. పొడవు 30 మీటర్లు, వెడల్పు 18, ఎత్తు 9. గ్రానైట్ నేల, పుట్టీ వేసి రంగు కొట్టిన గోడలు, పైన స్లాబు. జనం కింద జంబుఖానాల మీద కూర్చుంటారు. ప్రసంగం తెలుగులో సాగుతుంది, వాక్యం వాక్యానికీ పక్కనున్నవారు ఒడియాలో చెబుతారు. ఈ అనువాదం డిజైన్‌ను బాగా ఇబ్బంది పెడుతుంది. తెలుగు వాక్యం మోత చావకముందే ఒడియా వాక్యం దాని మీద పడుతుంది.

మోత ఎంతసేపు ఉంటుందో చెప్పే సూత్రం అమెరికా భౌతికశాస్త్రవేత్త వాలెస్ సబైన్‌ది. 1895లో హార్వర్డ్‌లో ఒక లెక్చర్ హాలు బాగుచేయమంటే, పక్క థియేటర్ కుర్చీల మెత్తలు మోయించి తెచ్చి, ఎన్ని పెడితే మోత ఎంత తగ్గుతుందో కొలుచుకుంటూ పోయాడు. శబ్దం 60 డెసిబెల్స్ తగ్గే సమయం = 0.161 × ఘనపరిమాణం ÷ మొత్తం శోషణ.

మన హాలు ఘనపరిమాణం 4,860 ఘనమీటర్లు. శోషణ అంటే హాలు పీల్చుకునే శబ్దం; ఒక్కో ఉపరితలం వైశాల్యాన్ని అది పీల్చే వంతుతో గుణించి ఇలా కూడండి. నేల 540 × 0.01 = 5.4. స్లాబు 540 × 0.02 = 10.8. కిటికీలు, తలుపులు పోగా గోడలు 810 × 0.02 = 16.2. తెరిచిన కిటికీ, తలుపు శబ్దాన్ని తిరిగి పంపవు కాబట్టి ఆ 54 చదరపు మీటర్లూ పూర్తిగా లెక్కకు వస్తాయి. నేల మీద కూర్చున్న మనిషికి సుమారు 0.4 వేసుకుంటే 400 మందికి 160. మొత్తం 246. మోత సమయం 3.2 సెకన్లు. జనం లేకపోతే అదే హాలు 9 సెకన్లు మోగుతుంది. అందుకే ఖాళీ హాలులో సెట్టు ట్యూన్ చేసి వెళ్లిపోతే ఆదివారం అంతా మారిపోతుంది. వానకు కిటికీలు మూస్తే, జనం నిండుగా ఉన్నా 3.9కి పెరుగుతుంది. శ్రావణంలో ఫిర్యాదులు ఎక్కువయ్యాయంటే ముందు కిటికీల వైపు చూడండి, ఆంప్లిఫయర్‌ను తర్వాత అనుమానించవచ్చు.

వెనక కూర్చున్నవారు “వినిపిస్తోంది గానీ అర్థం కావట్లేదు” అంటారు. దానికి కమిటీ పెద్దలు చెప్పే మందు పెద్ద ఆంప్లిఫయర్. వాల్యూమ్ పెంచితే నేరుగా వచ్చే మాటతో పాటు మోత కూడా అంతే పెరుగుతుంది, రెండిటి నిష్పత్తి కదలదు. ఆ నిష్పత్తిని మార్చేవి నాలుగే: స్పీకర్ నుంచి చెవికి దూరం, స్పీకర్ ఎంత ఇరుకుగా శబ్దం పంపుతుందన్నది (క్యూ విలువ), మోత సమయం, మోగుతున్న స్పీకర్ల సంఖ్య.

1971లో డచ్ ధ్వనిశాస్త్ర నిపుణుడు ప్యూట్జ్ ఇచ్చిన సూత్రం ఈ నాలుగింటినీ కలుపుతుంది. వినేవారికి ఎన్ని హల్లులు అందకుండా పోతాయో అది చెబుతుంది. హల్లుల నష్టం శాతం = 200 × దూరం² × మోత సమయం² × స్పీకర్ల సంఖ్య ÷ (ఘనపరిమాణం × క్యూ). 10 లోపు ఉంటే బాగుంది. 15 దాటితే ప్రసంగం తెలియదు, పాట మాత్రమే తెలుస్తుంది.

వేదిక దగ్గర క్యూ 10 ఉన్న కాలమ్ స్పీకర్ (చిన్న స్పీకర్లు నిలువు వరసలో ఉన్న పెట్టె) ఒక్కటే పెడితే 20 మీటర్ల దగ్గర నష్టం 17 శాతం. సరే, గోడల పొడవునా నాలుగు పెడదామంటే? దూరం 12కి తగ్గినా సంఖ్య నాలుగైంది కాబట్టి 24 శాతం. ప్రతి స్తంభానికీ ఒక స్పీకర్ తగిలించే అలవాటు ఇక్కడే దెబ్బతింటుంది. ఎవరి చెవికి దగ్గరి స్పీకర్ వారికి మేలే, మిగతా మూడూ వారికి మోత మాత్రమే.

కాబట్టి రెండే కాలమ్‌లు, రెండూ మధ్య గీత మీద. ఒకటి వేదిక అంచు పైన, మైకుకు కనీసం ఒకటిన్నర మీటరు ముందుగా. మైకు వెనక పెడితే, స్పీకర్ శబ్దం మళ్లీ మైకులోకి దూరి వచ్చే కూత తప్పదు. రెండోది దానికి 12 మీటర్ల అవతల, బీముకు గట్టి యాంకర్ వేసి, తోడుగా స్టీల్ సేఫ్టీ తాడు కట్టి, వెనకవైపు చూసేలా. కాలమ్ మధ్యభాగం 4 మీటర్ల ఎత్తులో ఉండాలి. కూర్చున్నవారి చెవి 0.9 మీటర్లు. పదో మీటరు దగ్గరి జనానికి గురిపెడితే వంపు 17 డిగ్రీలు. వంచకుండా నిటారుగా బిగిస్తే శబ్దం జనం తలల మీదుగా వెనక గోడకు తగిలి తిరిగొస్తుంది.

ఇప్పుడు 12 మీటర్ల దగ్గర నష్టం 12 శాతం. మూలల్లో దూరం 15 దాటుతుంది, నష్టం 20కి చేరుతుంది. దీనికి మూడో స్పీకర్ కొనకండి. వెనక గోడకు 72 చదరపు మీటర్ల మేర 50 మిల్లీమీటర్ల రాక్‌వూల్ (రాతి నార) పలకలు, గోడకు 50 మిల్లీమీటర్ల సందు వదిలి, పైన గాలాడే పలచటి గుడ్డ. చెమ్మ పట్టకుండా ఆ సందు కాపాడుతుంది, కింది స్వరాలను పీల్చడానికీ సాయపడుతుంది. గుడ్డ మీద రంగు వేస్తే అంతా వృథా. మోత 2.55 సెకన్లకు దిగుతుంది. మూలల్లో నష్టం 12.5, 12 మీటర్ల దగ్గర 8 లోపు.

రెండో కాలమ్‌కు డిలే, అంటే శబ్దాన్ని కాస్త ఆలస్యంగా పంపడం, తప్పనిసరి. 30 డిగ్రీల వేడిలో శబ్దం సెకనుకు 349 మీటర్లు పోతుంది. 12 మీటర్లకు 34 మిల్లీసెకన్లు, దానికి పది కలిపి 44 పెట్టండి. ముందుగా చేరిన శబ్దం వైపే చెవి తిరుగుతుంది, అందుకే మాట వేదిక నుంచే వస్తున్నట్టు ఉంటుంది. చాలాచోట్ల రెండు స్పీకర్లనూ ఒకే 100 వోల్టుల లైన్ (ఒకే ఆంప్లిఫయర్ నుంచి పలు స్పీకర్లకు వెళ్లే వైరు) మీద కలిపేస్తారు. అప్పుడు డిలే పెట్టే దారే లేదు. మిక్సర్ నుంచి విడి అవుట్‌పుట్, విడి ఆంప్లిఫయర్ చానల్, విడి వైరు ఉండాలి. 30 మీటర్ల పరుగుకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు చాలు.

మిక్సర్‌లో 150 హెర్ట్జ్ కింది స్వరాలను కోసేయండి. అక్కడ కాలమ్‌కు దిశ ఉండదు, హాలు ఎక్కువసేపు మోగుతుంది, మాటకు దాని అవసరం తక్కువ. పాటల జట్టు ఒప్పుకోదు. వాళ్ల చానళ్లకు వదిలి ప్రసంగం మైకులకు మాత్రం కోయండి. తెరిచిన మైకులు రెట్టింపైనప్పుడల్లా కూత రాకుండా వాల్యూమ్ పెంచుకోగల జాగా 3 డెసిబెల్స్ తగ్గుతుంది కాబట్టి ప్రసంగికుడివీ అనువాదకుడివీ తప్ప మిగతావన్నీ మూసి ఉంచాలి.

ఈ వారం పని: జనం ఉన్నప్పుడు “పాట, బాట, మాట, తాట, కాట” లాంటి దగ్గరి మాటలు 20 కలిపి చదివించండి. ఒడియా జాబితా ఒకటి అనువాదకుడి చేత. రెండు మూలల్లోనూ మధ్యలోనూ కూర్చున్న ఆరుగురు విన్నది రాయాలి. 20కి 17 కన్నా తక్కువ సరిగ్గా వచ్చిన చోటును ప్లాన్ మీద గుర్తుపెట్టుకోండి. నాలుగో పాఠంలో మైకులు ఎంచుకునేటప్పుడు ఆ ప్లాన్ కావాలి.