ఘాటున్న కరివేపాకు, కూరకు పనికొచ్చే పుదీనా: మొక్క కొనే ముందు ఏం చూడాలి?

కూరలో వేసే ఆకుమొక్కకు ఘాటు ముందు దాని జాతిలో ఉండాలి. ఎండ, నీరు, ఎరువు ఆ ఘాటును పెంచొచ్చు, తగ్గించొచ్చు. లేనిదాన్ని తెచ్చిపెట్టలేవు. పుల్లమజ్జిగ పోస్తే కరివేపాకు కమ్మగా వస్తుందని మన మేడల మీద అందరూ అనేదే. చప్పటి మొక్కకు ఎన్ని చెంబులు పోసినా ఆకు పచ్చబడుతుందేమో గానీ తాలింపులో వాసన రాదు. కాబట్టి పట్టింపంతా కొనే రోజునే ఉండాలి.

ఏప్రిల్, మే నెలల్లో ఏదీ కొనకండి. రోహిణి కార్తె ఎండకు విజయవాడ డాబా మీద వేళ్లూనిన మొక్కలే వాడిపోతాయి, కొత్తది నిలవడం కష్టం. కరివేపాకు, నిమ్మగడ్డి, వాము ఆకు వానలు పట్టాక జులై, ఆగస్టుల్లో తెచ్చుకోవాలి. కొత్తిమీర, మెంతికూరకు అక్టోబరు చివరి నుంచి జనవరి వరకు అదను.

కరివేపాకు దగ్గర కాస్త ఆగి చూడాలి. గింజ మొలిచిన మొక్కలన్నీ తల్లిని పోలి ఉండవు. ఒకే వరుసలో పెట్టిన పది కవర్లలో రెండు ఘాటుగా, మిగతావి మామూలుగా ఉండొచ్చు. పైనుంచి నాలుగో ఐదో రెమ్మ చూసుకుని, దాని మధ్యలోంచి ఒక్క ఆకు తుంచండి. తుంచగానే వాసన ముక్కుకు తగలాలి. రెండు వేళ్ల మధ్య పిసికి, ముక్కుకు ఆనిస్తే తప్ప తెలియకపోతే ఆ మొక్క వద్దు. మరీ లేత చిగురు చూసి తేల్చేయకండి. నాలుగు మొక్కలు చూసేసరికి ఆ నూనె వేళ్లకు అంటుకుని అన్నీ ఒకేలా అనిపిస్తాయి, మధ్యలో చేతులు కడుక్కోండి. నర్సరీలో నీడ వల కింద యూరియా తిని ఏపుగా పెరిగిన ఆకు పెద్దదిగా, లేతపచ్చగా ఉండి వాసన తక్కువ వేస్తుంది. ముదురు రంగులో చిన్న ఆకులతో, ఎండలో పెట్టి ఉన్న మొక్కను ముందు పరీక్షించండి.

పొడుగు చూసి మోసపోవద్దు. చిన్న కవర్లో మూడడుగులు పెరిగిందంటే అడుగున వేళ్లు చుట్టలు చుట్టుకుని ఉంటాయి. కవర్ చిల్లుల్లోంచి లావుపాటి వేళ్లు బయటికొచ్చినవీ అంతే, నాటాక నెలల తరబడి కదలవు. అడుగున్నర ఎత్తులో, పెన్సిలంత కాండంతో, రెండు మూడు కొమ్మలున్నది మేలు.

దీనికంటే నమ్మకమైన దారి పిలక. మీ వీధిలో ఎవరింట్లోనైనా ఘాటైన పాత చెట్టు ఉంటే దాని చుట్టూ వేళ్ల మీంచి పిలకలు లేస్తాయి. అవి తల్లి ఘాటునే మోసుకొస్తాయి. వానల్లో, నేల తడిగా ఉన్నప్పుడు, అడుగు ఎత్తున్న పిలకను జానెడు తల్లి చెట్టు వేరు ముక్కతో కలిపి తవ్వాలి. ఊరికే పట్టి లాగితే కాడే వస్తుంది, బతకదు. నాటే ముందు సగం ఆకులు కత్తిరించి మూడు వారాలు నీడలో ఉంచండి. గింజే వేయాలనుకుంటే నల్లగా పండిన కాయ గుజ్జు తీసి వెంటనే విత్తాలి. ఎండబెట్టి దాచిన గింజ కొద్ది వారాలకే మొలకెత్తే శక్తి పోగొట్టుకుంటుంది.

పుదీనా విషయంలో గింజల ప్యాకెట్ కొనకండి. కాడ నాటితే అదే రుచి వస్తుంది, గింజతో ఆ హామీ లేదు. మనకు దొరికే వాటిలో రెండు రకాలు కలిసిపోతుంటాయి. పచ్చడికి, బిర్యానీకి కావాల్సిన దాని ఆకుకు తొడిమ దాదాపు ఉండదు, కాడకు అతుక్కున్నట్టే ఉంటుంది, వాసన తియ్యగా వేస్తుంది. మెంథాల్ నూనె తీసే జపాన్ పుదీనా ఆకుకు తొడిమ స్పష్టంగా కనిపిస్తుంది. నోట్లో పెట్టుకుంటే నొప్పుల బామ్‌లా చల్లగా మండుతుంది, పచ్చడిలో చేదు తేలుతుంది. రైతుబజార్‌లో కట్ట కొన్నప్పుడు రుచి నచ్చితే ముదురు కాడలు నాలుగు తీసి, కింది ఆకులు దూసి, రెండు కణుపులు మునిగేలా గ్లాసు నీళ్లలో పెట్టండి. రోజు మార్చి రోజు నీళ్లు మారిస్తే వారం పది రోజుల్లో తెల్లటి వేళ్లు వస్తాయి. ఎనిమిది అంగుళాల లోతున్న వెడల్పాటి తొట్టి చాలు. వేరే మొక్కతో కలిపి నాటితే దాన్ని మింగేస్తుంది.

కొత్తిమీర మొక్కగా కొనడం డబ్బు దండగ. దాని తల్లివేరు కదిలిస్తే కోలుకోదు, వెంటనే పూతకొస్తుంది. ధనియాలను చపాతీ కర్రతో రెండు బద్దలయ్యేలా నలిపి, ఒక రాత్రి నానబెట్టి, సెంటీమీటరు లోతున వేయండి. వంటింటి ధనియాలు మొలుస్తాయి గానీ చాలావరకు గింజ కోసం పెంచే రకాలు, నాలుగాకులు వేసి పూతకు పోతాయి. గుంటూరు పక్కనున్న లాం పరిశోధన స్థానం నుంచి వచ్చిన సింధు, సాధన, స్వాతి గింజ కోసం పేరున్నవి, ఆకు కోసమైతే సురుచి అడగండి. విత్తన ప్యాకెట్లలోని గింజకు మందు పట్టించి ఉండొచ్చు, మిగిలినవి పోపుల డబ్బాలో వేయకండి.

నిమ్మగడ్డి పేరుతో దాన్ని పోలిన సిట్రొనెల్లా గడ్డి అంటగట్టడం మామూలే. ఆకు చీల్చి చూడండి. నిమ్మతొక్క వాసన వస్తే టీకి పనికొస్తుంది, దోమల మందు వాసన వస్తే కాదు.

ఏ మొక్కైనా ఆకు తిప్పి చూడకుండా డబ్బులివ్వకండి. కణుపుల్లో దూదిలా ఉంటే పిండినల్లి, కదపగానే తెల్లగా ఎగిరితే తెల్లదోమ, చిగురు ముడుచుకుని జిగురుగా ఉంటే పేనుబంక. ఏ పురుగూ లేకుండా నిగనిగలాడుతుంటే నిన్నో మొన్నో మందు కొట్టి ఉండొచ్చు. ఇంటికి తెచ్చాక ఉన్న ఆకు వాడకుండా, కొత్తగా వచ్చిన చిగురు ముదిరాకే కోయండి.

కడియం వైపు నుంచి వచ్చే మొక్కలు చాలావరకు బంకమట్టి ముద్దతో ఉంటాయి. ఆ ముద్ద ఎండితే పైన పోసిన నీళ్లు పక్కల నుంచి జారిపోతాయి, లోపలి వేరు ఎండిపోతుంది. బకెట్ నీళ్లలో అరగంట ముంచి, అంచులు వేళ్లతో వదులు చేసి నాటండి. కుండీలో రెండు వంతులు ఎర్రమట్టి, ఒక వంతు చివికిన పశువుల ఎరువు, ఒక వంతు ఇసుక వేయాలి. గుంటూరు నల్లరేగడి పత్తికి బాగుంటుంది, కుండీలో మాత్రం తడిస్తే నీరు దిగదు, ఎండితే బీటలిస్తుంది. కరివేపాకుకు పదహారు అంగుళాల కుండీకి తక్కువ వద్దు. లేత ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందట్లేదు. సున్నం ఎక్కువున్న మట్టిలో, ఉప్పు బోరు నీళ్లతో ఇది మామూలే. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట పది రోజులకోసారి రెండు మూడు సార్లు పిచికారీ చేయండి.

రోజ్‌మేరీ, థైమ్, ఒరెగానో చూసి ముచ్చటపడే వాళ్లకు ఒక మాట. అవి పొడి గాలి కోరతాయి, మన ఉక్కపోతకు, వానలకు వేరు కుళ్లి పోతాయి. నవంబరులో కొంటే మార్చి దాకా వాడుకోవచ్చు, ఆ తర్వాత ఆశ పెట్టుకోకండి. ఒరెగానో, థైమ్‌లలో ఘాటునిచ్చే కార్వక్రాల్, థైమాల్ మన వాము ఆకులోనూ ఉంటాయి. ముదురు కొమ్మ ముక్క గుచ్చితే వస్తుంది, మధ్యాహ్నపు ఎండ తగలని చోట ఏడాదంతా ఉంటుంది. దాన్ని చంపేది అతిగా పోసే నీళ్లే.