మార్చి డబ్బు ఒప్పుకునే ముందు

సంక్రాంతి వెళ్లిందంటే ఒడిశాలోని మా పర్లాకిమిడి లాంటి ఊళ్లలో చిన్న సంస్థలకు ఫోన్లు మొదలవుతాయి. "మీ దగ్గర సీఎస్‌ఆర్ ప్రాజెక్టు ఏమైనా ఉందా? మార్చిలోపు అయిపోవాలి." ఏడాదంతా తిరిగినా పలకని ఆఫీసు తనే పిలుస్తుంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చుపెట్టాలి, సీఎస్‌ఆర్ అంటే అదే. మార్చి 31కి లెక్క తేలాలి. ఆ తొందర వాళ్లది. దాన్ని మనం నెత్తికెత్తుకుంటేనే చిక్కు.

మాది సాయంకాలం బడి. ఇంట్లో తెలుగు, స్కూల్లో ఒడియా మధ్య నలిగే పిల్లలకు రెండూ చదవడం, రాయడం నేర్పుతాం. ఇద్దరు టీచర్లు, ఒక గది. కొన్నేళ్ల కిందట ఇలాగే ఫిబ్రవరిలో ఒకాయన ఫోన్ చేసి కుట్టు మిషన్లు ఇస్తామన్నారు. ఆడవాళ్లకు ఉపాధి, మంచి పనేగా అని తలూపాం. పది మిషన్లు వచ్చి గోడ పొడవునా కూర్చున్నాయి. పిల్లల చాపలు చుట్టి అటకెక్కించాం. హాజరు పట్టీ, ఫొటోలు, నెలనెలా రిపోర్టు చూడడానికి ఒక టీచరమ్మను అటు మళ్లించాల్సొచ్చింది. ఆరు నెలలకు నిధి అయిపోయింది, మిషన్లు మిగిలాయి. ఆ ఏడాది చిన్న పిల్లలు గుణింతాల దగ్గరే ఆగిపోయారు. దాత తప్పేం లేదు, ఇస్తామన్నదంతా ఇచ్చారు. అడగాల్సినవి అడగనిది మేమే.

అందుకే చెప్తున్నా, ఫోన్ రాకముందే కమిటీ అంతా ఒకరోజు కూర్చుని మెమొరాండంలో, అంటే సంస్థను రిజిస్టర్ చేసినప్పటి పత్రంలో, ఉద్దేశాల పేజీ పైకి చదవండి. రిజిస్ట్రేషన్ రోజు తర్వాత దాన్ని చూసినవాళ్లు తక్కువ. ప్లీడరు గుమాస్తా ఎవరో విద్య, వైద్యం, పర్యావరణం, గోసంరక్షణ అన్నీ కలిపి రాసేసి ఉంటాడు. కాగితంలో ఉందని ప్రతి పనీ మనదైపోదు. గత మూడేళ్లలో నిజంగా చేసినవాటి పక్కన పెన్సిల్‌తో టిక్కు పెట్టండి. వచ్చిన ప్రతిపాదనను ఆ టిక్కులతోనే పోల్చి చూడండి. ఉద్దేశాలే మార్చాలనుకుంటే అది మార్చి హడావుడిలో చేసే పని కాదు. మార్చిన 30 రోజుల్లో ఆదాయపన్ను శాఖకు మళ్లీ దరఖాస్తు పెట్టాలి.

సరిహద్దులో ఉన్నాం కాబట్టి ఇంకో తలనొప్పి. పాతపట్నం మాకు పక్క వీధితో సమానం, కాగితం మీద మాత్రం శ్రీకాకుళం జిల్లా, వేరే రాష్ట్రం. కంపెనీలు తమ ప్లాంటు చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టమే చెప్తోంది. అందుకని "అటువైపు కూడా చెయ్యండి" అంటారు. మన నియమావళిలో పనిచేసే ప్రాంతం ఏమని ఉందో చూడకుండా సరే అనొద్దు.

ఇక డబ్బు లెక్క. ఎంత వస్తుందో అందరూ చూస్తారు. ఆ పని మీద ఎవరి సాయంత్రాలు ఎన్ని పోతాయో కూడా రాసుకోండి. రిపోర్టులు రాసే గంటలూ అందులోవే. వస్తువు కొనిపెట్టడానికి ముందుకొచ్చేవాళ్లు జీతాల మాట ఎత్తితే మొహం తిప్పుకుంటారు, ఇది మామూలే. అందుకే మన బడ్జెట్ ఒక పేజీలో ముందే సిద్ధంగా ఉండాలి. అద్దె, టీచర్ల జీతాలు, పుస్తకాలు, చాపలు, కరెంటు బిల్లు. దాతకు మొదట చూపించాల్సింది అదే. అందులో చాపలు మాత్రమే ఇస్తామన్నారా, సంతోషంగా చాపలే తీసుకోండి.

కాగితాలు: 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతకు పన్ను మినహాయింపు), సీఎస్‌ఆర్-1 నంబరు (కంపెనీల సీఎస్‌ఆర్ డబ్బు తీసుకోవడానికి రిజిస్ట్రేషన్), మూడేళ్ల ఆడిట్ ఒకే ఫైల్లో పెట్టుకోండి. 2,000 రూపాయలు దాటిన నగదు విరాళానికి దాతకు 80జీ మినహాయింపు రాదు, ఆ సంగతి రసీదు రాసేటప్పుడే చెప్పండి.

అమెరికా బంధువుల దగ్గర మొహమాటం ఎక్కువగా పనిచేస్తుంది, అక్కడే ఇరుక్కుంటాం. భారత పాస్‌పోర్టు ఉన్న బావగారు తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్న వదిన పండక్కి వచ్చి రూపాయల్లో ఇచ్చినా విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి లేకుండా ముట్టుకోకూడదు. "ఏమీ అనుకోకు వదినా" అని దణ్ణం పెట్టి తిరిగి ఇచ్చేయడమే.

తుఫాను మాత్రం వేరు. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు పుస్తకాలు పక్కన పెట్టి టార్పాలిన్లు పంచాం. అది తప్పని ఇప్పటికీ అనుకోను. కాకపోతే ఆ డబ్బుకు వేరే రసీదు పుస్తకం పెట్టాం, ఏ తేదీకి ఆపేయాలో మొదటి రోజే గోడ మీది క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకున్నాం.

పోయిన ఫిబ్రవరిలో మంచినీళ్ల ప్లాంటు పెడతారా అని ఒక ఫోన్ వచ్చింది. "మాకు చదువు పనే వచ్చండీ, నీళ్ల పని చేసేవాళ్ల నంబరు ఇస్తాను" అన్నాను. నంబరు రాసుకుని పెట్టేశారు, మళ్లీ పిలవలేదు. కుట్టు మిషన్లలో రెండు ఇంకా మా గదిలోనే ఉన్నాయి. పిల్లలు వాటి మీద సంచులు పెట్టుకుంటారు.