ఒకదానికి బిరుసు పడదు, ఇంకోదానికి సన్నం పడదు: రీలును బట్టి దారం

మొన్న మా తమ్ముడు చేపలు పట్టే రాడ్‌కు బిగించే కొత్త బెయిట్‌కాస్టింగ్ రీలు తెచ్చి నా ముందు పెట్టాడు. దారం చుట్టే స్పూలు మీద దారం ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో తెలియకుండా ఉంది. ‘అక్కా, ఈ దారం కల్తీదేమో చూడు. విసిరితే లూరు (నకిలీ ఎర) సగం దూరం పోయి, దారం ఠప్పున తెగి, అదొక్కటే ఎగిరిపోయింది’ అన్నాడు. ఏం చుట్టావురా అంటే 10 పౌండ్ల బ్రెయిడ్ (10 పౌండ్ల లాగుడు దాకా తట్టుకునే అల్లిక దారం) అన్నాడు. స్పిన్నింగ్ రీలుకు అదే చుట్టి ఏడాదిగా హాయిగా వాడుతున్నాడు కదా, మిగిలిన సగం ఉండను దీనికి చుట్టేశాడన్నమాట.

దారంలో కల్తీ ఏమీ లేదు. అది ఆ రీలుకు పనికొచ్చే దారం కాదు, అంతే. చాలామంది ఏ దారం మంచిదని అడుగుతారు. నేనైతే ముందు రీలు ఏదని అడుగుతాను. దారం రీలులోంచి ఎలా బయటికి వస్తుందో ఒకసారి కళ్లారా చూస్తే సగం సందేహాలు తీరిపోతాయి.

స్పిన్నింగ్ రీలులో విసిరేటప్పుడు స్పూలు కదలదు. దారం దాని అంచు మీదుగా చుట్టలు చుట్టలుగా జారిపోతుంది. నూలు కండెను నిలబెట్టి పైనుంచి దారం లాగినట్టు. 1905లో ఈ తరహా రీలుకు పేటెంట్ తీసుకున్న ఇంగ్లండు వాడు ఆల్ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్‌కు బట్టల మిల్లు ఉండేది. మిల్లులో కండెల మీంచి నూలు జారడం చూసే అతనికి ఆ ఆలోచన వచ్చిందంటారు. ఇక్కడ దారానికి ఉండకూడని గుణం బిరుసు. బిరుసైన దారం చుట్టిన ఆకారాన్ని గుర్తుపెట్టుకుని, స్ప్రింగులా స్పూలు మీంచి పైకి లేస్తుంది. దారాన్ని పట్టి ఉంచే బెయిల్ అనే తీగ తీయగానే నాలుగు చుట్టలు ఒక్కసారిగా ఊడి, రాడ్‌కున్న మొదటి రింగు దగ్గర గుత్తిలా ఇరుక్కుంటాయి.

బెయిట్‌కాస్టింగ్ రీలులో స్పూలే తిరుగుతుంది. కండెను అడ్డంగా పుల్లకు గుచ్చి పక్కనుంచి లాగినట్టు, దారం తిన్నగా వస్తుంది. అందుకే కాస్త బిరుసున్నా పర్వాలేదు. సన్నంగా ఉంటేనే ముప్పు. చేప గుంజినప్పుడో, గాలం రాయికి తగులుకున్నప్పుడో సన్నటి దారం కింది వరుసల మధ్యకు కత్తిలా దిగబడిపోతుంది. మళ్లీ విసిరినప్పుడు స్పూలు వేగంగా తిరుగుతూ సరిగ్గా ఆ దిగబడిన చోట ఆగిపోతుంది. లూరు మాత్రం ఆగదు. తమ్ముడికి జరిగింది ఇదే.

ఇక దారాల సంగతి.

మోనో అంటే ఒకే పోగు నైలాన్ దారం. నైలాన్‌ను డూపాంట్ కంపెనీ 1938లో లోకానికి చూపించింది. అంతకుముందు పట్టు దారాలతో, పట్టుపురుగు పట్టు గ్రంథులను సాగదీసి చేసిన తీగలతో చేపలు పట్టేవారు. మోనో బాగా సాగుతుంది, అదే దాని సుగుణం. చేప ఒక్కసారి తల విదిలిస్తే ఆ కుదుపును దారమే మింగుతుంది. మూడు కొనల గాలాలున్న క్రాంక్‌బెయిట్లు అనే నకిలీ ఎరలు వాడేవాళ్లు ఇప్పటికీ మోనోను వదలకపోవడానికి కారణం ఇదే. సాగని దారమైతే ఆ చిన్న గాలాలు చేప నోట్లోంచి చీల్చుకుని ఊడొచ్చేస్తాయి. అదే సాగుడు దూరాన శత్రువు. 40 మీటర్ల అవతల చేప ముట్టిందో లేదో తెలియదు, తెలిశాక మీరు గుంజినా ఆ గుంజు గాలం దాకా పోదు.

నైలాన్ నీళ్లు పీలుస్తుంది, తడిస్తే కొంత బలం తగ్గుతుంది. రికార్డులు నమోదు చేసే ఇంటర్నేషనల్ గేమ్ ఫిష్ అసోసియేషన్ దారాలను నానబెట్టాకే పరీక్షిస్తుంది. ఎండకు కూడా పాడవుతుంది. కారు వెనక అద్దం దగ్గర వదిలేసిన రీలును నమ్ముకుని నేనొకసారి మంచి చేపను పోగొట్టుకున్నాను. ముడి బాగానే ఉంది, మధ్యలో పుటుక్కున తెగింది. అప్పట్నుంచి నా రీళ్లు గుడ్డ సంచిలోనే ఉంటాయి, మోనో ఏడాదికి మించి ఉండదు.

స్పిన్నింగ్ రీలుకు మోనో వాడాలనుకుంటే 6 నుంచి 8 పౌండ్లు, అంటే సుమారు 0.23 నుంచి 0.25 మి.మీ. హాయిగా ఉంటుంది. చిన్న స్పూలుకు 12 పౌండ్లది చుట్టారంటే విసిరిన ప్రతిసారీ దారంతో తగువే. బెయిట్‌కాస్టింగ్‌కు ఆ 12 పౌండ్లే మొదటి మెట్టు. అక్కణ్నుంచి 17 దాకా ఎక్కడైనా ఆగవచ్చు.

బ్రెయిడ్ పాలిథిలీన్ పోగులను జడలా అల్లిన దారం. నాలుగు పోగులది గరగరలాడుతూ రింగుల్లోంచి శబ్దం చేస్తుంది. ఎనిమిది పోగులది నున్నగా, గుండ్రంగా ఉంటుంది. దాదాపు సాగదు. చేప ముక్కుతో తడిమినా వేలికి తెలుస్తుంది. నీటి మీద తేలుతుంది. బలంతో పోలిస్తే లావు చాలా తక్కువ. 10 పౌండ్ల మోనో సుమారు 0.28 మి.మీ. ఉంటే, అదే లావు బ్రెయిడ్ 30 పౌండ్లు ఆపుతుంది. 10 పౌండ్ల బ్రెయిడ్ లావు 0.15 మి.మీ. దరిదాపుల్లో ఉంటుంది. కంపెనీని బట్టి కొంచెం అటూ ఇటూ. అందుకే డబ్బా మీద పౌండ్లు పెద్ద అక్షరాల్లో రాసినా నా కన్ను ముందు మి.మీ. అంకె మీదికే పోతుంది. రీలుకు తెలిసేది లావే, పౌండ్లు కాదు.

మెత్తన, ఆకారం గుర్తుపెట్టుకోదు కాబట్టి స్పిన్నింగ్ రీలుకు 10, 15 పౌండ్ల బ్రెయిడ్‌ను మించింది నాకు కనపడలేదు. బెయిట్‌కాస్టింగ్‌కైతే 30కి తక్కువ వద్దు. మామూలుగా 40 లేదా 50, నాచూ తామర తూళ్లూ ఉన్న చోట 65. అంత పెద్ద చేపలు మనకెక్కడివి అనకండి. ఆ అంకె చేప కోసం కాదు, దారం కింది వరుసల్లోకి దిగబడకుండా ఉండే లావు కోసం. నాచులోనైతే చేపతో పాటు వచ్చే రెండు కిలోల పచ్చి చెత్త కోసం కూడా.

బ్రెయిడ్‌కు తప్పులు లేకపోలేదు. రాతి అంచుకు రాసుకుంటే మోనో కన్నా ముందే తెగుతుంది. నున్నటి స్పూలు మీద పట్టు ఉండదు. నేను మొదటిసారి బ్రెయిడ్ చుట్టినప్పుడు చేప లాగుతుంటే డ్రాగ్ (ఎంత గుంజితే దారం జారాలో నిర్ణయించే బ్రేకు) ఎంత బిగించినా దారం పోతూనే ఉంది. డ్రాగ్ పాడైందనుకుని ఇంటికొచ్చి రీలు విప్పదీశాను. తీరా చూస్తే స్పూలు కదలడం లేదు, దాని మీద దారం మొత్తం ఒక ఉంగరంలా గిర్రున తిరుగుతోంది! అప్పట్నుంచి అడుగున పది మీటర్లు మోనో చుట్టి, దానికి బ్రెయిడ్ ముడేస్తున్నాను. మరొకటి, గాలం ఎక్కడైనా ఇరుక్కుంటే బ్రెయిడ్‌ను చేతికి చుట్టుకుని లాగకండి. చర్మం కోసుకుపోతుంది. కర్రకు చుట్టి లాగండి.

ఫ్లోరోకార్బన్ చూడటానికి మోనోలాగే ఉంటుంది కానీ పదార్థం వేరు. జపాన్‌కు చెందిన కురేహా కంపెనీ 1971లో దీన్ని చేపల దారంగా తెచ్చింది. నీళ్లు పీల్చదు, ఎండకు లొంగదు, రాపిడికి తట్టుకుంటుంది. నీటి కన్నా సుమారు 1.78 రెట్లు బరువు కాబట్టి మునుగుతుంది. నీళ్లలో కనపడదని ప్రకటనల్లో చెప్తారే, ఆ మాటలో సగం నిజం. కాంతి వంగే లెక్కలో నీటిది 1.33, ఫ్లోరోకార్బన్‌ది 1.42, నైలాన్‌ది 1.5 పైన. అంటే నీటికి దగ్గర, అంతేగాని మాయం కాదు. చేపకు దారం కనిపించడం కన్నా, బిరుసు దారానికి కట్టిన ఎర కర్రలా కదలడం వల్లే ఎక్కువ నష్టమని నా అనుభవం.

స్పిన్నింగ్ రీలు నిండా ఫ్లోరోకార్బన్ చుట్టమని నేను ఎవరికీ చెప్పను. బిరుసు ఎక్కువ, మన తలనొప్పీ ఎక్కువ. దాన్ని లీడరుగా, అంటే అసలు దారం కొసకు కట్టే చిన్న ముక్కగా వాడండి. బ్రెయిడ్ కొసకు బారెడు ఫ్లోరోకార్బన్, రెండింటికీ డబుల్ యూనీ ముడి. ఎఫ్‌జీ ముడి ఇంకా సన్నగా, రింగుల్లోంచి సాఫీగా పోతుంది కానీ గాలిలో వణుకుతున్న చేతులతో వేయడం నా వల్ల కాలేదు. లీడరు ఎప్పుడూ బ్రెయిడ్ కన్నా కాస్త బలహీనంగా ఉండాలి. 15 పౌండ్ల బ్రెయిడ్‌కు 10 పౌండ్ల లీడరు కడితే, రాయికి తగులుకున్నప్పుడు పోయేది ఆ బారెడే. బెయిట్‌కాస్టింగ్‌కు మాత్రం 12 నుంచి 15 పౌండ్ల ఫ్లోరోకార్బన్ నిండుగా చుట్టుకోవచ్చు. అడుగున నెమ్మదిగా జరిపే ఎరలకు అది బాగుంటుంది. నీటిపై తేలే ఎరలకు వద్దు, మునిగే దారం వాటి ముక్కును కిందికి లాగేస్తుంది. ఏ దారమైనా ముడి బిగించే ముందు నోటితో తడపండి. ఫ్లోరోకార్బన్‌కు ఇది మరీ ముఖ్యం. పొడిగా బిగిస్తే ఆ వేడికే ముడి దగ్గర బలం పోతుంది.

ఎంత పడుతుందో తెలియాలంటే రీలు మీద అంకెలు చూడండి. 0.28/150 అని ఉంటే 0.28 మి.మీ. దారం 150 మీటర్లు అని. వేరే లావుకు చిన్న లెక్క ఉంది. పాత లావును కొత్త లావుతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించి, 150తో హెచ్చవేయాలి. 0.20 మి.మీ. అయితే దాదాపు 294 మీటర్లు. అంత ఖరీదైన బ్రెయిడ్ ఎవరికి కావాలి? సగం దాకా చవక మోనో, పైన 150 మీటర్ల బ్రెయిడ్ సరిపోతుంది.

చుట్టడంలోనే చాలామంది దారాన్ని చంపేస్తారు. స్పిన్నింగ్ రీలు చుట్టేటప్పుడు దారానికి పురి ఎక్కుతుంది. ఉండను నేల మీద బొమ్మ ఉన్న వైపు పైకి పెట్టి, తడిగుడ్డతో దారం పట్టుకుని ఇరవై చుట్లు చుట్టండి. ఆపి, దారాన్ని వదులు చేయండి. మెలికలు పడితే ఉండను తిరగేయండి. అది వదిలే పురీ, రీలు ఎక్కించే పురీ ఒకదాన్నొకటి రద్దు చేసుకోవాలి. అంచుకు 3 మి.మీ. కింద ఆపండి. బెయిట్‌కాస్టింగ్‌కు ఈ గొడవ లేదు. ఉండకు పెన్సిల్ గుచ్చి ఎవరినైనా పట్టుకోమంటే అదే తిరుగుతూ వదులుతుంది. బ్రెయిడ్‌ను మాత్రం వేలు కాలేంత బిగువుగా చుట్టాలి, వదులుగా చుడితే ఎంత లావుదైనా దిగబడుతుంది.

నీటి దగ్గర రెండు అలవాట్లు. స్పిన్నింగ్‌లో విసిరాక బెయిల్‌ను చేత్తో మూసి, దారాన్ని ఒకసారి గుంజి బిగువు చేసి అప్పుడు తిప్పండి. విసిరినప్పుడు దారంలో వాటంతటవే పడే ముడులు చాలావరకు ఇక్కడే తప్పుతాయి. చేప దారం లాక్కుపోతున్నప్పుడు హ్యాండిల్ తిప్పకండి. దారం రాదు, పురి మాత్రం ఎక్కుతుంది. పురి బాగా ఎక్కిందనిపిస్తే కొసకు ఏమీ కట్టకుండా పారే నీటిలో యాభై మీటర్లు వదిలి కాసేపు ఉంచి చుట్టుకోండి, అదే విడిపోతుంది.

డ్రాగ్‌ను దారం బలంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు మధ్య పెట్టండి. 10 పౌండ్లంటే 4.5 కిలోలు, కాబట్టి స్ప్రింగు త్రాసుతో లాగినప్పుడు ఒక కిలో పైన, కిలోన్నర లోపల దారం జారాలి. 50 పౌండ్ల బ్రెయిడ్‌కు ఈ లెక్క వేయకండి. లీడరు కట్టి ఉంటే దాని లెక్కే లెక్క, లేకపోతే రాడ్ ఎంత మోస్తుందో అంతే. దారం కన్నా ముందు రాడ్ విరుగుతుంది.

తమ్ముడి రీలుకు నేను చుట్టింది 12 పౌండ్ల మోనో, 0.33 మి.మీ.ది. బ్రెయిడ్ అయితే బాగుండేదిగా అని మొహం పెట్టాడు. బొటనవేలికి స్పూలును ఆపడం ఇంకా రాలేదు, రోజుకు పదిసార్లు దారం చిక్కుపడేసి స్పూలు మీద పిచ్చుకగూడు కట్టిస్తాడు. మోనోలో పడ్డ చిక్కును ఓపిగ్గా వేళ్లతో విప్పుకోవచ్చు, బ్రెయిడ్‌లో పడితే కత్తెరే. గూళ్లు కట్టడం మానేశాక 40 పౌండ్ల బ్రెయిడ్ నేనే చుట్టిస్తానన్నాను. తీసేసిన పాత దారంలో బాగున్నంతవరకు వాడి స్పిన్నింగ్ రీలు రెండో స్పూలుకు ఎక్కించాం. చిక్కుపడ్డ ముక్కలను పక్షుల కాళ్లకు చుట్టుకోకుండా జానెడేసి కత్తిరించి, మూత ఉన్న డబ్బాలో పడేశాం.