పొడి చర్మానికి స్నానం తర్వాతి 3 నిమిషాలు

మోకాలి కింద, ఎముక మీది చర్మంపై గోటితో గీసినప్పుడు తెల్లని గీత పడి సన్నని పొట్టు రాలిందంటే, ఆ చర్మం పొడిబారిందని తెలుసుకోవడానికి వేరే పరీక్ష అక్కరలేదు. ఆదిలాబాద్, లంబసింగి వంటి చోట్ల డిసెంబరు, జనవరి నెలల్లో ఇది ఇంటింటా కనిపించేదే. రోజంతా ఏసీ గదుల్లో పనిచేసేవారికీ, గల్ఫ్ దేశాల్లో ఉంటున్న మనవాళ్లకూ ఈ ఇబ్బంది చలికాలంతో పోయేది కాదు.

చర్మానికి నూనె తక్కువైందని మనం అనుకుంటాం కానీ అసలు తక్కువయ్యేది నీరు. చర్మపు పైపొరలో మృతకణాలు ఇంటి కప్పు మీది పెంకుల్లా ఒకదానిపై ఒకటి పరచుకొని ఉంటాయి. వాటి సందులను సెరమైడ్లు అనే ఒక రకం కొవ్వులు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు పూడ్చి, లోపలి తేమ ఆవిరై పోకుండా కాపాడుతాయి. వేడినీళ్లు, సబ్బు, పొడిగాలి ఈ కొవ్వును కరిగించో, ఊడ్చో తీసుకుపోతాయి. వయసు పెరిగేకొద్దీ చర్మం దాన్ని తిరిగి తయారుచేసుకోవడం మందగిస్తుంది కాబట్టి, ఒకే ఇంట్లో ఒకే నీళ్లు పోసుకున్నా మనవడి కంటే తాతగారి ఒళ్లే ముందు పగులుతుంది.

ఇక్కడే మన అలవాటు ఒకటి తిరగబడి ఉంది. ముందు నూనె పట్టించి, సున్నిపిండితో నలుగు పెట్టి, పొగలు కక్కే నీళ్లు పోసుకుంటాం. అంటే రాసిన నూనెను మనమే రుద్ది కడిగేసి, తడి ఆరిన ఒంటిని ఏ రక్షణా లేకుండా చలిగాలికి వదిలేస్తాం. భోగినాటి తలంటును ఎవరూ మానుకోనక్కరలేదు గానీ, పొట్టు రాలే చర్మాన్ని రోజూ గరుకు పిండితో రుద్దడం మాత్రం మానాలి. నూనె అయినా, క్రీము అయినా స్నానం తర్వాత రాసుకున్నదే ఒంటిమీద నిలుస్తుంది.

గోరువెచ్చని నీళ్లతో 5 నుంచి 10 నిమిషాల్లో స్నానం ముగించాలి. సబ్బును చంకలు, గజ్జలు, పాదాలకే పరిమితం చేస్తే చాలు. చేతులకూ కాళ్లకూ రోజూ సబ్బు పెట్టవలసినంత మురికి మనలో చాలామందికి అంటదు. టాయిలెట్ సోపు అట్టపై గ్రేడ్ 1 అని ఉంటే అందులో కొవ్వు పదార్థం కనీసం 76 శాతం ఉందని అర్థం, కానీ ఎంత మంచి గ్రేడైనా సబ్బు క్షార గుణం కలదే, చర్మం మాత్రం స్వల్పంగా ఆమ్ల గుణం కలది. బోరు నీళ్లు కఠినంగా ఉండే ఊళ్లలో నురగ రాదని మరింత సబ్బు రుద్దుతారు, అది నీటిలోని కాల్షియంతో కలిసి తెల్లని పొరలా ఒంటికే అంటుకుంటుంది.

తువ్వాలుతో రుద్దకుండా అద్దుకొని, ఒంటిమీద ఇంకా కాస్త చెమ్మ ఉండగానే, సుమారు 3 నిమిషాల లోపు మాయిశ్చరైజర్ రాసుకోవాలి. గ్లిజరిన్ నీటిని పట్టి ఉంచుతుంది, పెట్రోలియం జెల్లీ ఆ నీరు పోకుండా మూత వేస్తుంది; ఖరీదైన సీసాలు చాలావరకు ఈ రెండు పనులే చేస్తాయి. కొబ్బరినూనె కూడా మంచిదే, అయితే అదీ తడి ఒంటి మీదే రాయాలి. ఎంత రాయాలన్న విషయంలో చాలామంది పిసినారితనం చూపుతారు. ట్యూబు నుంచి చూపుడు వేలి కొన మొదలు మొదటి గీత వరకు పిండితే దాదాపు అర గ్రాము వస్తుంది, అది వేళ్లతో సహా రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది. పెద్దవారికి ఒళ్లంతా ఒకసారి రాయడానికి 20 నుంచి 30 గ్రాములు పడుతుంది కనుక, చిన్న డబ్బా నెలంతా వచ్చిందంటే రాయవలసినంత రాయలేదనే అర్థం.

మందుల షాపులో అడగ్గానే ఇచ్చే దురద క్రీముల్లో స్టెరాయిడ్ ఉండవచ్చు. వాటిని మాయిశ్చరైజర్‌లా నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది. పొక్కులేవీ లేకుండానే ఒళ్లంతా వారాల తరబడి దురద పెడుతుంటే థైరాయిడ్, మూత్రపిండాల పరీక్షలు అవసరమవుతాయి కాబట్టి వైద్యుణ్ణి కలవాలి.

మడమల పగుళ్లకు మామూలు క్రీము చాలదు. రాత్రి పాదాలను 10 నిమిషాలు గోరువెచ్చని నీటిలో నానబెట్టి, మెత్తబడిన చర్మాన్ని కాళ్లు రుద్దుకునే రాయితో తేలికగా రుద్ది, తుడిచి, 20 శాతం వరకు యూరియా ఉన్న క్రీము రాసి నూలు మేజోళ్లు తొడుక్కోవాలి. యూరియా అనగానే పొలంలో చల్లే గుళికలు గుర్తొస్తాయి. పదార్థం అదే, మన చర్మంలోనూ సహజంగా ఉంటుంది, అలాగని ఎరువు బస్తాలోది తెచ్చి పూయకూడదు. పగులులో రక్తం కనిపిస్తుంటే యూరియా మంట పుట్టిస్తుంది కాబట్టి ఆ పగులు మానేవరకు పెట్రోలియం జెల్లీయే రాయాలి. బ్లేడుతో చర్మం కోసుకోవడం ఎవరికీ తగదు. మధుమేహం ఉన్నవారు నానబెట్టడం, రాయితో రుద్దడం కూడా వైద్యుణ్ణి అడగకుండా చేయకూడదు, ఎందుకంటే పాదాల్లో స్పర్శ తగ్గినవారికి నీటి వేడీ తెలియదు, పుండు పడినా తెలియదు. వారు రోజూ పడుకునే ముందు అరికాళ్లను అద్దంలో చూసుకొని, వేళ్ల సందులు వదిలేసి మిగిలిన పాదానికి మాత్రమే క్రీము రాసుకోవాలి.